పట్టేసిన బోటు ఇంజను: బాగుచెయ్యాలా, పారెయ్యాలా?

కువైట్‌లోని ఫహాహీల్, మంగాఫ్, ఫింతాస్ వీధుల్లో ఇళ్ళ పక్కన ట్రెయిలర్ల మీద ఎక్కించి పెట్టిన ఫైబర్ బోట్లు తరచుగా కనిపిస్తాయి. ఇక్కడివాళ్ళు వీటిని తర్రాద్ అంటారు. వెనకాల ఒకటో రెండో అవుట్‌బోర్డ్ ఇంజన్లు, వాటి మీద ఎండకు చీలికలైన టార్పాలిన్. చలికాలంలో కొన్ని శుక్రవారాలు చేపలకు వెళ్ళొచ్చి, ఎండలు ముదరగానే ఒడ్డున వదిలేసిన బోట్లివి. యజమాని మళ్ళీ తాళం తిప్పేసరికి ఏడాది కావచ్చు, నాలుగేళ్ళు కావచ్చు. టక్‌మని ఒక చప్పుడు వస్తుంది, అంతే. ఇంజను పట్టేసింది అంటారు. అక్కణ్ణుంచి సలహాలు మొదలు. డీజిల్ పొయ్యమని ఒకరు, కట్టెముక్క పెట్టి పిస్టన్‌ని కొట్టమని ఒకరు, స్క్రాప్‌కి వేసి కొత్తది కొనమని ఇంకొకరు. మనవాళ్ళకు ఇది దూరపు సంగతేమీ కాదు. గ్యారేజీలో పానా పట్టిన కడప కుర్రాడి ముందుకైనా, ఇంటి డ్రైవరుగా వచ్చి బోటు బాధ్యత కూడా నెత్తినపడ్డ గోదావరి మనిషి ముందుకైనా ఈ ఇంజను ఏదో ఒకరోజు వస్తుంది.

సలహాలిచ్చే వాళ్ళంతా తమ అనుభవంలోంచే చెబుతారు. చిక్కు ఎక్కడంటే, ఒక్కొక్కరు చూసింది ఒక్కో రకం పట్టేసిన ఇంజను. తుప్పుతో బిగుసుకున్నదానికి పనిచేసిన మందు వేడికి పట్టేసినదానికి పనిచెయ్యదు. కాబట్టి ముందు తేల్చుకోవలసింది ఎందుకు పట్టేసిందన్నది. ఇంజన్లను చంపేది తుప్పు కన్నా తొందర అని నా అభిప్రాయం. ఎందుకలా అంటున్నానో కింద చెబుతాను.

మొట్టమొదట, నిజంగా పట్టెయ్యని ఇంజన్లను పక్కకు తీసెయ్యాలి. బ్యాటరీ దిగిపోయినా, ఎర్త్ వైరు కొసన తెల్లటి పొడి పేరుకున్నా అదే టక్‌మనే చప్పుడు వస్తుంది. స్టార్టర్ మోటారు పళ్ళు ఫ్లైవీల్‌లో ఇరుక్కున్నా అంతే. అవుట్‌బోర్డ్‌లో పైనున్న ఇంజను శుభ్రంగా ఉండి, నీళ్ళలో ఉండే గేరు భాగంలోకి సీలు చిరిగి ఉప్పునీరు చేరి, అక్కడి బేరింగులు బిగుసుకుపోయిన కేసులు కూడా ఉంటాయి. కింది భాగం బోల్టులు విప్పి దించేస్తే పైనున్న ఇంజను చేత్తో తిరిగిపోతుంది. బోటు లోపల కూర్చునే డీజిల్ ఇంజన్లలో ఆల్టర్నేటరో నీటి పంపో పట్టేసి, బెల్టు ద్వారా మొత్తాన్నీ ఆపెయ్యవచ్చు. బెల్టులు తీసి, గేరుబాక్సు విడదీసి, ప్లగ్గులన్నీ పీకి, ఫ్లైవీల్ నట్టుకు పానా వేసి చేత్తో తిప్పి చూడాలి. అప్పుడు కూడా కదలకపోతేనే అది పట్టేసిన ఇంజను.

ప్లగ్గులు పీకడంలో ఇంకో లాభం ఉంది. సిలిండర్‌లో నీళ్ళు నిండినా ఇంజను తిరగదు. గాలి నలుగుతుంది, నీరు నలగదు. ప్లగ్గు రంధ్రాలు తెరిచి నెమ్మదిగా తిప్పితే ఆ నీరు బయటికి చిమ్ముతుంది, ఇంజను తిరుగుతుంది. అది తెలియక స్టార్టర్ నొక్కుతూ పోతే వంగేది కనెక్టింగ్ రాడ్డు. నీటితో చల్లబడే సైలెన్సర్ ఉన్న డీజిల్ బోట్లలో ఈ ఉచ్చు ఇంకా లోతుగా ఉంటుంది. ఇంజను అందుకోకుండా స్టార్టర్‌ని పదేపదే తిప్పుతూ ఉంటే సముద్రపు నీటి పంపు మాత్రం నీళ్ళు తోడుతూనే ఉంటుంది. బయటికి నెట్టే పొగ బలం లేక ఆ నీరు సైలెన్సర్ నిండి, వెనక్కి తన్ని సిలిండర్లలోకి చేరుతుంది. స్టార్ట్ కాని డీజిల్‌తో కుస్తీ పట్టేటప్పుడు నీళ్ళు లోపలికొచ్చే వాల్వు మూసి ఉంచాలి, అందుకున్న వెంటనే తెరవాలి. ఇంత చిన్న సంగతి తెలియక పాడైన ఇంజన్లకు లెక్క లేదు.

ఇక అసలు రోగాలు. వీటిలో బాగా కోలుకునేది తుప్పు. అవుట్‌బోర్డ్ బ్లాకు అల్యూమినియందే అయినా చాలా ఇంజన్లలో సిలిండర్ లోపలి లైనర్ ఇనుముది, పిస్టన్ రింగులూ ఇనుప జాతివే. వాడకం ఆగిన ఇంజనులో ఆయిల్ పొర మెల్లగా జారిపోతుంది. తెరిచి ఉన్న పోర్టులోంచో వాల్వులోంచో తేమ లోపలికి వస్తుంది. పగలు వేడెక్కి రాత్రి చల్లబడే లోహం మీద ఆ తేమ చెమటపడుతుంది. తుప్పు తను పుట్టిన ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి రింగుకూ లైనరుకూ మధ్య ఉన్న కాస్త సందునూ పూడ్చేస్తుంది. పిస్టన్ ఆగిన చోట రెండు మూడు రింగుల మేర పట్టీలా అతుక్కుంటుంది. ప్లగ్గు రంధ్రంలోంచి చిన్న కెమెరా దించి చూస్తే ఎర్రటి పొడి మాత్రమే కనిపిస్తే ఆశ ఉంది. గోడల మీద గుంటలు కనిపిస్తే ఇంజను కదలవచ్చుగానీ బోరింగ్ తప్పదు.

వేడికి పట్టేసిన ఇంజను కథ వేరు. పిస్టన్ అల్యూమినియం, అది వేడికి ఇనుముకు దాదాపు రెట్టింపు సాగుతుంది. 80 మిల్లీమీటర్ల పిస్టన్ మామూలు కన్నా వంద డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే సుమారు 0.18 మిల్లీమీటరు లావెక్కుతుంది. అంతే వేడికి ఇనుప లైనరు సాగేది అందులో సగం. ఈ రెంటి మధ్య వదిలే సందు సాధారణంగా మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. కాబట్టి చల్లబరిచే నీరు ఆగిన కొద్దిసేపటికే పిస్టన్ గోడకు ఒరుసుకుని, దాని లోహం గోడకు పూసుకుపోతుంది. నీరెందుకు ఆగుతుంది? నీళ్ళు తోడే రబ్బరు ఇంపెల్లర్ రెక్కలు ఎండిపోయి విరుగుతాయి. లేదా నీళ్ళు లాగే జల్లెడకు ప్లాస్టిక్ సంచీ, జెల్లీఫిష్ అడ్డం పడతాయి. ఇలా పట్టేసిన ఇంజను చల్లారాక ఒక్కోసారి దానంతటదే వదులుతుంది. యజమాని సంతోషంగా మళ్ళీ స్టార్ట్ చేసి సముద్రం మధ్యకు పోతాడు. నన్నడిగితే అన్నిటికన్నా ప్రమాదకరమైన కోలుకోవడం ఇదే. ఒకసారి వేడికి పట్టి వదిలిన ఇంజనుకు హెడ్డు దించి చూడకుండా తీరం దాటకూడదు.

ఆయిల్ లేక పట్టేసినదానికి చెప్పేదేమీ ఎక్కువ లేదు. టూ-స్ట్రోక్‌లో పెట్రోలుతో కలపాల్సిన ఆయిల్ మరిచిపోయినా, ఆయిల్ పంపు ఆగినా క్రాంక్ బేరింగులు మాడి అతుక్కుంటాయి. ఎంత నానబెట్టినా రాదు. విప్పాల్సిందే.

కువైట్ నీళ్ళలో ఇవన్నీ త్వరగా ఎందుకు వస్తాయన్నది విడిగా చెప్పుకోవాలి. మహాసముద్రపు నీటిలో కిలోకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటే, ఈ గల్ఫ్ ఉత్తరపు కొసలో 40 గ్రాములు దాటడం మామూలే. వేసవిలో నీరే 30 డిగ్రీలు దాటి కాగుతుంది. 2020 జూలైలో కువైట్ అఖాతంలో 37.6 డిగ్రీలు నమోదైంది. బంగాళాఖాతంలో తిరిగే ఇంజనుకు దొరికే చల్లదనం దీనికి దొరకదు. పైగా ఉప్పునీరు ఇంజనులో బాగా వేడెక్కితే అందులోని సున్నం, లవణాలు దారుల గోడలకు గట్టిగా పేరుకుంటాయి. సముద్రపు నీటితో నేరుగా చల్లబడే ఇంజన్లకు థర్మోస్టాట్‌ను కారు ఇంజను కన్నా తక్కువ ఉష్ణోగ్రతకే, సుమారు 60 డిగ్రీలకే తెరుచుకునేలా పెట్టేది అందుకే. ఆ లవణాలు కొంచెం కొంచెంగా దారి మూసి, ఒక ఆగస్టు మధ్యాహ్నం ఇంజను పట్టేస్తుంది. నేరం మాత్రం ఆ రోజు ఎండ మీద పడుతుంది.

ఈ తీరపు పడవలకు ఇంజను వచ్చి ఎన్నో తరాలు కాలేదు. చమురుకు ముందు ఫహాహీల్ ముత్యాల వేటగాళ్ళ, జాలర్ల పల్లె. బూమ్‌లు అనే కువైట్ పెద్ద ఓడలు తెరచాపలతోనే ఖర్జూరం తీసుకెళ్ళి మలబారు నుంచి కలప తెచ్చేవి. 1938-39లో ఆస్ట్రేలియా నావికుడు అలన్ విలియర్స్ అలాంటి బూమ్ ఒకదానిలో ప్రయాణించి పుస్తకం రాశాడు. ఆ కాలపు ఓడ ఫతహ్ అల్ ఖైర్‌ను సాల్మియాలోని సైంటిఫిక్ సెంటర్ దగ్గర ఇప్పటికీ చూడవచ్చు. 1946 జూన్ 30న అహ్మదీ రేవు నుంచి మొదటి ముడిచమురు ఓడ కదిలాక పల్లె మారింది, పడవా మారింది. అటు అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ 1909లో తయారుచేసిన అవుట్‌బోర్డ్, ఆ తర్వాత 1960లో ఆ రంగంలోకి దిగిన యమహా ఇంజన్లు ప్రపంచమంతా చిన్న జాలరి బతుకును మార్చేశాయి. ఈ చరిత్రలో మన ప్రశ్నకు పనికొచ్చే ముక్క ఒకటుంది. ఎవిన్‌రూడ్ ఇంజన్ల తయారీ 2020లో ఆగిపోయింది. ఇంజను బతికించవచ్చా అన్న ప్రశ్నలో సగం, దాని గాస్కెట్లూ రింగులూ ఇంకా దొరుకుతాయా అన్నదే. పాత యమహా ఎండ్యూరో లాంటివాటికి మన కాకినాడలోనూ ఆఫ్రికా రేవుల్లోనూ కూడా సామాను దొరుకుతుంది. పేరు పెద్దదైనా తయారీ ఆగిన ఇంజనుకు ఆ భరోసా లేదు.

నానబెట్టే మందుల సంగతికొస్తే, ఎక్కువగా వినిపించేది ఆటోమేటిక్ గేరు ఆయిల్, అసిటోన్ సగం సగం కలిపినది. దీనికింత పేరు రావడానికి ఒక కారణం 2007లో మెషినిస్ట్స్ వర్క్‌షాప్ అనే అమెరికా పత్రిక అచ్చువేసిన పరీక్ష. తుప్పుపట్టిన ముక్కను ఏ మందూ లేకుండా విడదీయడానికి 516 పౌండ్ల బలం కావలసివస్తే, ఈ మిశ్రమంతో 53 పౌండ్లే సరిపోయిందని అందులో తేల్చారు. డబ్ల్యూడీ-40కి 238 పౌండ్లు పట్టింది. ఈ లెక్కలు చేతులు మారీ మారీ వేదవాక్కులైపోయాయి. నిజానికది కొద్దిపాటి ముక్కల మీద చేసిన చిన్న ప్రయోగం, పిస్టన్ల మీద చేసింది కాదు. అసిటోన్, ఆయిల్ కలిసి నిలవవు కూడా. కాసేపటికే విడిపోతాయి, అసిటోన్ ఆవిరైపోతుంది. మందు పనిచెయ్యదని నేననను, పనిచేస్తుంది. కానీ ఫహాహీల్ వేసవిలో మూసిన ఇంజను గదిలో అసిటోన్ పొయ్యడం అగ్గితో ఆట. సున్నాకన్నా ఇరవై డిగ్రీలు తక్కువ చలిలో సైతం నిప్పందుకునే ద్రవమది. పెట్రోలు ఇంజన్ల బోటులో అడుగున చేరిన ఆవిరికి స్టార్టర్ నిప్పురవ్వ ఒక్కటి చాలు. అందుకే ఇంజను గది ఫ్యాను కొన్ని నిమిషాలు తిప్పాకే తాళం తిప్పమంటారు. పల్చటి ఆయిలో, డీజిలో, కిరసనాయిలో పోసి రోజుల తరబడి ఓపిక పట్టినా ఫలితం దాదాపు అదే. మందు ఏదన్నది కాదు, ఎన్నాళ్ళు నానిందన్నది లెక్క. కోలా పొయ్యమనే సలహా మాత్రం వదిలెయ్యండి. అందులోని ఆమ్లం తుప్పును కరిగిస్తుంది, అల్యూమినియాన్నీ వదలదు.

నానాక తిప్పడం దగ్గరే ఇంజన్లు ఎక్కువగా చస్తాయి. పొడుగాటి పైపు తొడిగిన పానాతో ఫ్లైవీల్ నట్టును బిగించే దిశలో కొద్దిగా ఒత్తిడి పెట్టాలి, వదలాలి, వెనక్కి కొద్దిగా, మళ్ళీ ముందుకు. మొదట వెంట్రుకవాసి కదులుతుంది. ఆ కదలిక కనబడగానే ఉత్సాహం పెరిగి బలం పెంచేస్తారు. అక్కడే ఆగి మళ్ళీ ఆయిల్ పొయ్యాలి. ఫోర్-స్ట్రోక్ అయితే ముందు రాకర్ కవరు తీసి వాల్వులు కదులుతున్నాయో లేదో చూడాలి. వాల్వు బిగుసుకుని ఉండగా క్రాంక్ తిప్పితే పిస్టన్ దాన్ని గుద్ది వంచేస్తుంది. టైమింగ్ బెల్టు ఉన్నవాటిలో ఇంకా జాగ్రత్త. పిస్టన్ తల మీద సుత్తి వెయ్యడం పాత లారీ ఇంజన్లకు, హెడ్డు దించాక, మెత్తటి కట్టె అడ్డంపెట్టి, వేరే దారి లేనప్పుడు చేసే పని. అవుట్‌బోర్డ్ పల్చటి పిస్టన్‌కది మరణశాసనం. కొందరు ప్లగ్గు రంధ్రానికి గ్రీజు నిప్పిల్ బిగించి గ్రీజుగన్‌తో నెడతారు. ఒత్తిడి సమంగా పడుతుంది కాబట్టి ఆలోచన మంచిదే. అయితే టూ-స్ట్రోక్‌లో పిస్టన్ పోర్టుల కిందికి దిగి ఆగి ఉంటే గ్రీజంతా పోర్టుల్లోంచి కారిపోతుంది. తర్వాత ఆ గ్రీజు కడగడానికి పట్టే రోజులు వేరే. హీట్‌గన్‌తోనో మరిగే నీళ్ళతోనో సిలిండర్ వెలుపలి గోడను వేడిచేయడం సున్నితమైన పద్ధతి. గ్యాస్ మంట వద్దు.

బోల్టులు విరగడం గురించి మెకానిక్కులు నిట్టూరుస్తూ చెబుతారు. అల్యూమినియం బ్లాకులో స్టెయిన్‌లెస్ బోల్టు, మధ్యలో ఉప్పునీరు చేరితే రెండు లోహాల మధ్య విద్యుత్ నడిచి అల్యూమినియం తెల్లటి పొడిగా మారి మరను బిగించేస్తుంది. హెడ్డు బోల్టు ఒకటి విరిగితే దాన్ని తవ్వి తియ్యడానికయ్యే కూలీ పిస్టన్ సెట్టు ఖర్చును దాటిపోతుంది. మరలకు గ్రీజు రాయడం, జింకు ముక్కలు అరిగినప్పుడు మార్చడం చౌకైన పనులు. ఎవరూ చెయ్యనివీ అవే.

మునిగిన ఇంజనుది అత్యవసర కేసు. మన ఉప్పాడ, భీమిలి ఒడ్డుల్లో అలల మధ్య నావ తిరగబడి ఇంజను మునగడం జాలర్లకు తెలిసిన కష్టమే. పైకి తీశాక దాన్ని ఒడ్డున ఎండబెడతారు. చెయ్యకూడనిది సరిగ్గా అదే. ఉప్పునీరు తగిలిన లోహానికి గాలి తగలగానే తుప్పు పరుగందుకుంటుంది. తీసిన వెంటనే మంచినీళ్ళతో కడిగి, ప్లగ్గులు పీకి నీరు వంచి, ఆయిల్ పోసి తిప్పి, అదే రోజు ఇంజనును నడిపించాలి. వెంటనే పని మొదలుపెట్టే వీలు లేకపోతే దాన్ని మంచినీళ్ళ డ్రమ్ములో ముంచే ఉంచాలి. వింతగా ఉంటుంది గానీ సరైన పద్ధతి ఇదే. ఇంజను తిరుగుతూ ఉండగా మునిగిందా, ఆగి ఉండగా మునిగిందా అన్నదీ అడగాలి. తిరుగుతూ మునిగితే రాడ్డు వంగి ఉండే అవకాశం ఎక్కువ.

ఆంధ్ర తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. వలలు అల్లుకుంటూ, ఇంజన్లు విప్పుకుంటూ గడిపే కాలం కాబట్టి అక్కడ బోటు ఆగినా ఇంజను మీద చెయ్యి పడుతూనే ఉంటుంది. ఫహాహీల్ రేవులో తమిళ, ఈజిప్టు జాలర్లు నడిపే బోట్లదీ ఇంచుమించు అదే పద్ధతి, ఎందుకంటే ఇంజను ఆగితే పొయ్యి ఆగుతుంది. పట్టేసేవి ఎక్కువగా సరదా బోట్లే. బతుకుతెరువు బోటు పనిచేసి అరిగిపోతుంది, సరదా బోటు పనిలేక పాడవుతుంది.

ఇంజను తిరిగింది సరే, స్టార్ట్ చెయ్యవచ్చా? అప్పుడే వద్దు. ఆయిల్ చూడండి. మజ్జిగలా తెల్లబడి ఉంటే నీళ్ళు కలిశాయి. అలాంటి ఆయిల్ ఒక్కసారి మార్చితే సరిపోదు, కొద్దిసేపు నడిపి మళ్ళీ మళ్ళీ మార్చాలి. ఇంపెల్లర్ ఎలా ఉన్నా కొత్తది వెయ్యాలి. పాత పెట్రోలు పారబోసి కార్బ్యురేటర్ కడగాలి. మన దేశంలో ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. అది తేమను పీల్చుకుని ట్యాంకు అడుగున నీరుగా విడిపోతుంది కాబట్టి ఇండియాలో బోటున్నవాళ్ళకు ఈ మాట రెండింతలు వర్తిస్తుంది. తర్వాత కంప్రెషన్ కొలవాలి. అంకె ఎంతన్నది కన్నా సిలిండర్లన్నీ దగ్గరదగ్గరగా ఉండడం ముఖ్యం. పది శాతం మించి తేడా ఉంటే తక్కువున్న సిలిండర్ రింగులు ఇంకా విడవలేదనో, గోడ గీసుకుపోయిందనో అర్థం. కొన్ని గంటల నడకతో రింగులు విడిపడి కంప్రెషన్ పెరగవచ్చు. గీత పడిన గోడ దానంతటది బాగుపడదు. షర్క్ అహ్మదీ గ్యారేజీల్లోనో షువైఖ్‌లోనో బోరింగ్ చేయించి పావో అరో మిల్లీమీటరు ఓవర్‌సైజు పిస్టన్ వేయించాలి. అలా విప్పి కట్టిన టూ-స్ట్రోక్‌కి మొదటి ట్యాంకులో యాభైకి ఒకటి బదులు పాతికకు ఒకటి చొప్పున ఆయిల్ కలపడం మంచి అలవాటు.

డబ్బు లెక్కలో నా తీర్పు ఇది. కార్బ్యురేటర్ ఉన్న పాత టూ-స్ట్రోక్, తుప్పుతో పట్టేసింది, సామాను దొరుకుతుంది అంటే తప్పకుండా ప్రయత్నించాలి. ఖర్చు చేతి పనే. కంప్యూటర్, ఇంజెక్షన్ ఉన్న పెద్ద ఫోర్-స్ట్రోక్ ఉప్పునీట్లో మునిగి నెలలు గడిస్తే మెకానిక్ ఎంత ధైర్యం చెప్పినా డబ్బు పెట్టవద్దు. వైరింగే ఏడాది పాటు ఏడిపిస్తుంది. డీజిల్ ఇంజన్లది మధ్య దారి. పోత ఇనుముతో కట్టినవి మొండివి, ఎన్నేళ్ళ తర్వాతైనా లేస్తాయి. అయితే వాటి ఇంజెక్షన్ పంపు బాగు చేయించే ఖర్చు ముందే కనుక్కోవాలి.

ఇక్కడ ఉద్యోగం చేసుకునే తెలుగువాళ్ళకు ఇంకో రెండు మాటలు. 20వ నంబరు ఇంటి వీసా మీద ఉండి బయట గ్యారేజీలో, రేవులో మెకానిక్ పని చెయ్యడం చట్టవిరుద్ధం. పట్టుబడితే పోయేది ఇంజను కాదు, ఇఖామా (నివాస అనుమతి). జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 గంటల వరకు ఆరుబయట పని చేయించడం కూడా నిషేధం. పట్టేసిన ఇంజనుకు తొందర లేదు, సాయంత్రం చేసుకోవచ్చు. నానబెట్టి తీసిన నల్లటి ఆయిల్‌ను రేవులో పారబోస్తే 2014 నాటి 42వ నంబరు పర్యావరణ చట్టం కింద శిక్ష భారీగా ఉంటుంది. డబ్బాలో పట్టి గ్యారేజీలో అప్పగించండి.

ఎవరైనా పాత బోటు చవగ్గా వస్తోందని చూపిస్తే, డబ్బు చేతిలో పెట్టకముందే ప్లగ్గులు పీకించి ఫ్లైవీల్‌ను మీ చేత్తో రెండు చుట్లు తిప్పి చూడండి, గేరు ఆయిల్ కొద్దిగా వంచి చూడండి. అమ్మేవాడు అందుకు ఒప్పుకోకపోతే ఆ బోటు కొనకండి.